‘ఫలితం’ గడిలో ఒక్క మాటే పడుతుంది: ఒక కుటుంబ సలహా కేంద్రం కేస్ స్టడీ

మా కేంద్రం పాత రిజిస్టర్లు ఇప్పటికీ ఇనప బీరువాలో ఉన్నాయి. ఎర్ర గుడ్డ బైండింగు వేసిన పొడవాటి పుస్తకాలు. పేజీకి ఎనిమిది గడులు: వరస నంబరు, తేదీ, పేరు, ఊరు, ఎవరు పంపారు, సమస్య, ఎన్ని సిట్టింగులు, చివర ‘ఫలితం’. ఆ చివరి గడి అన్నిటికంటే సన్నం. ఒక్క మాట కంటే ఎక్కువ పట్టదు. మొదటి పదేళ్ల పేజీలు తిప్పితే అందులో ఎక్కువగా కనిపించే మాట ‘రాజీ’. చాలాచోట్ల ఆ చేతిరాత నాదే.

నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం మాది. సంస్థ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే కేసులు ఎవరివో మా ఊళ్లో ఒక్క పూటలో తెలిసిపోతుంది. కింద చెప్పిన కుటుంబం వివరాలు కూడా గుర్తుపట్టకుండా కొంత మార్చాను. కేసు నడిచిన తీరు, మేం చేసిన తప్పు మాత్రం మార్చలేదు.

కుట్టుమిషన్ల గది

1960లలో మాది ఒట్టి మహిళా మండలి. నాలుగు కుట్టుమిషన్లు, ఒక కుట్టు టీచరు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా క్లాసు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం కండెన్స్‌డ్ కోర్సు కూడా కొన్నాళ్లు నడిచింది.

ఇలాంటి మండళ్లు అప్పట్లో ఊరూరా పుట్టడానికి ఒక కారణం 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు. దాని తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చోకుండా, ఊళ్లో ఇప్పటికే పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి నిలబెట్టాలన్నది బోర్డు పద్ధతి. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడపిల్లలను మెట్రిక్ పరీక్షకు తయారుచేసిన మనిషి. చిన్న సంస్థ ఏం చేయగలదో, దేనికి డబ్బు చాలదో చేసి తెలుసుకున్నవారు.

మా మండలిలో కుటుంబ సలహా అనేది ఏ స్కీముతోనూ మొదలవలేదు. జాకెట్టు కొలతల దగ్గర మొదలైంది. కొలతలు తీసేటప్పుడు టేపు భుజం మీదికి వెళ్తే మనిషి ఒక్కసారి ముడుచుకుపోయేది. టీచరమ్మ చూసేది, ఏమీ అనేది కాదు. క్లాసు అయ్యాక, “నువ్వు కాసేపుండు, కాజాలు నేర్పిస్తా” అని ఆపేది. కాజాలు కుడుతూ ఆ అమ్మాయి మాట్లాడేది. నేను చేరేసరికి టీచరమ్మ రిటైరై చాలా ఏళ్లయింది గానీ ఆ ‘కాజాల క్లాసు’ మాట మాత్రం సంస్థలో ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరినైనా విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలంటే “కాజాలు కుట్టించాలి” అనుకుంటాం.

కుటుంబ తగాదాలకు విడిగా ఒక కోర్టు ఉండాలన్న ఆలోచన కూడా దుర్గాబాయి గారిదే. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి వచ్చి, న్యాయమూర్తులతో చర్చించి, నెహ్రూ గారికి ప్రతిపాదించారు. చట్టం రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చేనాటికి ఆమె లేరు, 1981లోనే పోయారు. అయితే 1980లలో ఒకదాని వెంట ఒకటి చాలా జరిగాయి. 1983లో భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసను నేరం చేస్తూ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను వచ్చింది. 1984లో బొంబాయి పోలీసు కమిషనరు ఆఫీసులో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్లు మహిళల కోసం స్పెషల్ సెల్ మొదలుపెట్టారు. సంక్షేమ బోర్డు కుటుంబ సలహా కేంద్రాల పథకం కూడా ఆ దశకంలోదే. స్వచ్ఛంద సంస్థకు గ్రాంటు, ఇద్దరు కౌన్సెలర్లు, ఒక గది, ఒక సలహా సంఘం. మా మండలికి ఆ గ్రాంటు వచ్చింది. కుట్టుమిషన్లను వరండాలోకి జరిపి, ఆ గదిలో ఒక టేబులు, ఆరు కుర్చీలు వేశారు.

ఆరు కుర్చీలన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పంచాయితీకి కొత్త పేరు

నేను తిరుపతిలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి 1991లో చేరాను. పుస్తకంలో చదివిన కౌన్సెలింగ్‌కీ, గదిలో జరిగేదానికీ పోలికే లేదు. పుస్తకంలో ఇద్దరుంటారు. మా గదిలోకి అమ్మాయి తరఫున ఐదుగురు, అబ్బాయి తరఫున ఏడుగురు, వీళ్లు కాక ‘పెద్దమనిషి’ ఒకాయన వచ్చేవారు. ఆయన కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుని, “ఊ, చెప్పండమ్మా మేడమ్, ఏం చేద్దాం?” అనేవాడు. అంటే తీర్పు ఆయనదే, ముద్ర వేయడానికి మేం.

మా వైపు నుంచి ఒక కార్డు వెళ్లేది: ఫలానా తేదీన మాట్లాడుకోవడానికి రండి అని. రాకపోతే రెండో కార్డు. దానికీ రాకపోతే మేమే ఇంటికి వెళ్లేవాళ్లం. మంగళవారం ఎవరూ వచ్చేవారు కాదు, మంచి మాట మాట్లాడే రోజు కాదని. శ్రావణంలో మాత్రం గది నిండిపోయేది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన కొత్త కోడలిని తీసుకెళ్లడానికి అత్తింటివాళ్లు రాకపోవడం, “మిగతా కట్నం సర్దాక కబురు చేయండి” అనడం, తండ్రి మా దగ్గరికి పరిగెత్తుకు రావడం. ఏ కాలేజీలోనూ ఈ కేలండరు చెప్పలేదు నాకు.

నేను చేరిన ఏడాదికే 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్లే కర్రలు పట్టుకుని బయల్దేరారు. జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ ఐదారేళ్లు మా పనికి పెద్ద పాఠం. అంతకు ముందు ఒక్కతే వచ్చి తలవంచుకు కూర్చునే ఆమె, ఇప్పుడు పక్కింటామెను వెంటబెట్టుకుని వచ్చేది. “నా మొగుడు తాగి కొడతాడు” అని గట్టిగా చెప్పడానికి సిగ్గుపడడం తగ్గింది. ఇంకో సంగతి కూడా బయటపడింది, దీన్ని మాత్రం మేం ఆలస్యంగా పట్టుకున్నాం. కొట్టు మూసేశాక కూడా కొన్ని ఇళ్లలో దెబ్బలు ఆగలేదు. “తాగకుండా కూడా కొడుతున్నాడు మేడమ్” అని ఒకామె చెప్పినప్పుడు నేను మందు దొంగతనంగా దొరుకుతోందేమో అని అడిగాను. ఆమె నా వంక జాలిగా చూసింది.

కేసు

1996. ఆమెకు ఇరవై రెండేళ్లు, ఏడో తరగతి దాకా చదివింది. భర్త సముద్రం దగ్గరి ఊళ్లో రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాడు. 1994-95లో వైరస్ వచ్చి కోస్తా అంతా చెరువులు తుడిచిపెట్టుకు పోయిన సంగతి తెలిసిందే. నిన్నటిదాకా మోటారు సైకిళ్లు కొన్నవాళ్లు అప్పులవాళ్లకు మొహం చాటేశారు. ఇతనూ వాళ్లలో ఒకడు. పెళ్లిలో ఒప్పుకున్న పొలం రాసివ్వమని భార్యను పుట్టింటికి పంపడం, ఊరికే తిరిగొస్తే కొట్టడం. ఆమె తల్లి మా దగ్గరికి తీసుకొచ్చింది.

మూడు సిట్టింగులు. మొదటిదాంట్లో తల్లే మాట్లాడింది: “పిల్ల అమాయకురాలు మేడమ్, మీరే నాలుగు మంచి మాటలు చెప్పి పంపండి.” రెండోదానికి అతను వచ్చాడు. అప్పుల లెక్క చెబుతూ ఏడ్చాడు. మగవాడు మా గదిలో ఏడవడం అరుదు, నేనూ కరిగిపోయాను. వైరస్ గురించి, సీడు (రొయ్య పిల్లల) ధర గురించి, వడ్డీ గురించి ఆ పూటంతా విన్నాం. మూడోదానికి రెండు వైపుల పెద్దలూ వచ్చారు. ఆ ఆరు కుర్చీల్లో ఆరుగురు మగవాళ్లు. ఆమె, తల్లి, నేను నిలబడ్డాం. రాజీ కాగితం రాశాం, ఐదు అంశాలు. అతను కొట్టకూడదు. పొలం మాట ఏడాది దాకా ఎత్తకూడదు. మూడోది పెద్దమనిషి చెప్పాడు, నేను రాశాను: భార్య అత్తమామలను గౌరవించి, భర్త చెప్పినట్టు నడుచుకోవాలి. ఒక వైపువే రాస్తే అవతలివాళ్లు సంతకం పెట్టరని అప్పటి మా తెలివి. “ఇష్టమేనామ్మా?” అని అడిగితే “సరే మేడమ్” అంది. అందరూ టీ తాగారు. ఫలితం గడిలో ‘రాజీ’ అని రాసి, ఆ నెల మీటింగులో బాగా నడిచిన కేసుగా చెప్పుకున్నాను కూడా.

నాలుగు నెలలకు ఒంటరిగా వచ్చింది. కుడి మణికట్టుకు కట్టు.

“మీరు రాసిన కాగితం గోడకి మేకు కొట్టి తగిలించాడు మేడమ్. రోజూ మూడో నంబరు చదివిస్తాడు.”

ఆ మాట విని ఏం చేయాలో నాకు తెలియలేదు. లేచి వరండాలో మిషను కుడుతున్నవాళ్లను కాసేపు బయటికి పంపేసి ఆమెను అక్కడ కూర్చోబెట్టాను. అప్పుడు గానీ అసలు సంగతి రాలేదు. అది కుండమార్పిడి సంబంధం. ఆమె అన్నకు ఇచ్చింది ఆమె ఆడపడుచునే. ఈమె పుట్టింటికి వచ్చేస్తే అక్కడివాళ్లు తమ పిల్లను తీసుకెళ్లిపోతారు. వదినకు అప్పుడు ఏడో నెల.

“మొదట్లోనే ఎందుకు చెప్పలేదమ్మా?”

“అమ్మ పక్కనే ఉందిగా మేడమ్.”

తల్లి దుర్మార్గురాలేం కాదు. కూతురి కాపురం, కొడుకు కాపురం ఒకే తాడుకు కట్టి ఉన్నాయి, ఏది లాగినా రెండోది కదులుతుంది. కానీ ఆ తల్లి సమక్షంలో “ఇష్టమేనా” అని అడిగి, “సరే” అన్న మాటను ఇష్టంగా రాసుకున్నది మాత్రం మేం. మూడు సిట్టింగుల్లో ఆమెను ఒక్క నిమిషం కూడా విడిగా కలవలేదు. టీచరమ్మ ఏ ట్రైనింగూ లేకుండా చేసిన పనిని, ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన నేను చేయలేదు. పైగా కొట్టడానికి కారణం ఏమిటని అడుగుతూ పోయి, కారణం దొరికేసరికి సమస్య దొరికిందనుకున్నాను. అప్పు నిజమే. ఆ చెరువుల పక్కనే అంతే అప్పు ఉండి భార్య మీద చేయి ఎత్తనివాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి నేను ఆలోచించలేదు.

రెండో విడత అంతా వేరుగా నడిచింది. పోలీసు కేసు వద్దంది ఆమె. ఒత్తిడి చేయలేదు. కావాలంటే ఎప్పుడైనా పెట్టుకోవచ్చని, మణికట్టుకు ప్రభుత్వాసుపత్రిలో రాయించుకున్న కాగితం దాచుకోమని చెప్పాం. ఆ తర్వాత నేను వదినను చూడటానికి వెళ్లాను, సీమంతం పలకరింపు పేరుతో. పెరట్లో గిన్నెలు కడుగుతూ ఆ అమ్మాయి ఒకే మాట అంది: “మా అన్న సంగతి నాకు తెలియదా మేడమ్. ఇక్కడి నుంచి నేను కదలను. కానీ ఆ మాట మా నాన్నతో నేను అనలేను, మీరనండి.”

దాంతో పని ఏమిటో తేలింది. మొగుడూ పెళ్లాలను కలపడం అప్పటికి మా పని కాదు. ఆ రెండు కాపురాల మధ్య ముడి విప్పడం పని. ఇద్దరు తండ్రులనూ విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెట్టాం. ఒకే విషయం: ఒక కాపురంలో ఏం జరిగినా రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఐదు నెలలు పట్టింది. పెద్దమనిషిని పిలవలేదు, ఆయనకు కోపం వచ్చింది. కాగితం రాయలేదు. వదినకు పుట్టిన ఆడపిల్లను చూడటానికి అవతలి తాత వచ్చిన రోజున, ఆ బిడ్డ ఎదురుగానే సరే అన్నాడు. అది మా గొప్పేమీ కాదు, మనవరాలిది.

ఆమె పుట్టింట్లో ఉండి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద భరణం కేసు వేసింది. అప్పట్లో ఆ సెక్షను కింద నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి చట్టం ఒప్పుకునేది కాదు, ఆ పరిమితి 2001లో గానీ పోలేదు. ఆ డబ్బు ఏ మూలకూ రాదని అందరికీ తెలుసు. అయినా ఆమె వేసింది. మా వరండాలోనే కుట్టు నేర్చుకుంది.

1999లో అతనే మా దగ్గరికి వచ్చాడు. చెరువులు వదిలేసి పట్టణంలో ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఈసారి షరతులు ఆమె చెప్పింది: అత్తగారి ఊరికి రాను, ఇక్కడే అద్దె ఇల్లు, కుట్టు డబ్బు నాది, నెలకోసారి మేడమ్ ఇంటికి వస్తారు, తలుపు తీయాలి. అతను రెండు నెలలు ఆలోచించుకుని ఒప్పుకున్నాడు. వెళ్లింది.

ఆ సాయంత్రం రిజిస్టరు తీశాను. పాత పేజీలో ‘రాజీ’. ఇప్పుడు కొత్త వరసలో కూడా రాయాల్సింది అదే మాట. 1996లోదీ రాజీయే, 1999లోదీ రాజీయే. ఆ గడి చూసినవాళ్లకు రెండూ ఒకటే. చాలాసేపు కూర్చుని ఏమీ రాయకుండా మూసేశాను. మర్నాడు మా కార్యదర్శి గారు చూసి తిడతారనుకున్నాను. ఆమె స్కేలు, ఎర్ర పెన్ను తెచ్చుకుని కొత్త పుస్తకంలో గడులు వేరే గీశారు. ‘ఫలితం’ లేదు. దాని చోట ‘ఆమె ఏం కోరింది’, ‘విడిగా కలిసిన తేదీ’, ‘మూడు నెలలకు’, ‘ఏడాదికి’. పేజీ సరిపోక పక్క పేజీకి కూడా పాకాయి. కుర్చీలు ఆరు నుంచి మూడు చేశాం, పెద్దమనుషులకు వరండాలో బల్ల వేశాం.

తర్వాత

2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, దాని 14వ సెక్షను చదివి నాకు నవ్వొచ్చింది. కౌన్సెలింగుకు పంపేటప్పుడు ఇద్దరినీ విడిగా గానీ కలిపి గానీ పంపవచ్చని ఉంది. ‘విడిగా’ అన్న మాట కోసం మాకు ఒక మణికట్టు ఖర్చయింది. ఆ చట్టం నియమాల్లో ఇంకోటి ఉంది: కౌన్సెలింగులో హింసకు సమర్థనగా కారణాలు చెప్పుకునే అవకాశం అవతలి వ్యక్తికి ఇవ్వకూడదు. పదేళ్ల ముందు ఒక పూటంతా రొయ్యల వైరస్ మీద విన్న దాన్ని నేను. కొత్తగా చేరినవాళ్లకు ఆ నియమం చదివి వినిపించేటప్పుడు ఆ కథ కూడా చెబుతాను.

మిగతా చరిత్ర తొందరగా చెప్పేయవచ్చు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 498ఎలో యాంత్రికంగా అరెస్టులు వద్దన్నాక స్టేషన్ల నుంచి కౌన్సెలింగుకు పంపేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామంది కౌన్సెలింగ్ అంటే కేసు రాయకుండా తప్పించుకునే మెట్టు అనుకుని వచ్చేవారు. అది పోగొట్టడానికే మొదటి గంట సరిపోయేది. 2015 నుంచి జిల్లాకు ఒక సఖి కేంద్రం వచ్చింది. ఆసుపత్రి, పోలీసు, వకీలు, వసతి ఒకేచోట. మంచిదే, ప్రమాదంలో ఉన్నవాళ్లను మేం అక్కడికే పంపుతాం. కువైట్ కేసులు వచ్చాయి, తర్వాత వీడియో కాల్లో అమెరికా అల్లుళ్లు వచ్చారు. అక్కడ తెల్లవారుజాము, ఇక్కడ సాయంత్రం, అమ్మాయి పక్కన ఎవరు కూర్చున్నారో ఫోనులో కనిపించదు. అందుకని “కెమెరా గది చుట్టూ తిప్పమ్మా” అని మొదట అడగడం నేర్చుకున్నాం.

కుటుంబ సలహా కేంద్రాల గ్రాంటు కూడా ఆగిపోయింది. ఇద్దరు కౌన్సెలర్ల జీతం ఇప్పుడు కొంత చందాలు, కొంత కుట్టు ఆర్డర్లు, కొంత ఒక దాత సంస్థ ఇచ్చేది. స్కూలు యూనిఫారాల సీజన్లో మా ఆర్థిక పరిస్థితి బాగుంటుంది. జాకెట్టు కొలతలతో మొదలైన పని మళ్లీ మిషన్ల మీదే బతుకుతోంది.

ఆ దాత సంస్థ కిందటేడు మాకు ఒక యాప్ ఇచ్చింది. రిజిస్టరు మానేసి ఫోనులో ఎక్కించాలి. అంతా బాగానే ఉంది. చివర్లో ‘ఫలితం’ అని ఉంది, నొక్కితే మూడు తెరుచుకుంటాయి: రాజీ, విడిపోయారు, కోర్టుకు వెళ్లారు. మా కొత్త కౌన్సెలర్, పాతికేళ్ల పిల్ల, ఫోను నా ముందు పెట్టి “ఏది నొక్కాలి మేడమ్?” అంది. నేను బీరువా తాళం ఇచ్చి 1996 పుస్తకం, 1999 పుస్తకం తీసి చూడమన్నాను. సాయంత్రం దాకా చూసి, ఏమీ నొక్కకుండా ఫోను లోపల పెట్టేసింది. నొక్కని కేసులను ఆ యాప్ ఎర్రగా చూపిస్తుంది. ఇప్పుడు మా తెర అంతా ఎర్రగానే ఉంది, ఎందుకని వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. వచ్చే నెల చూడటానికి వస్తామన్నారు. మూడో కుర్చీ వాళ్లకు వేస్తాం.